పందిరి మీదే ఇచ్చిన మొదటి కాయ

విత్తనంలో ప్రాణం దాచి, వాన చినుకుతో దాన్ని నిద్రలేపే నా దేవునికి స్తోత్రం. ఎండనూ నీడనూ సమంగా పంచే ఆయన నామానికే మహిమ.

నా చిన్నప్పుడు మా ఇల్లు చల్లపల్లి దగ్గర, కాలువ పక్కన ఉండేది. తొలకరి పడితే చాలు, మా నాయనమ్మ పెరట్లో బెండ, బీర, సొర గింజలు నాటేది. ఇక పొద్దున్నే లేవగానే నేను పెరట్లోకి పరుగు. రాత్రికి రాత్రి ఏ మొలక తల ఎత్తిందో, ఏ పువ్వుకు పిందె పడిందో చూడాలి. బెండ ఆకు కింద గొంగళిపురుగు, నీళ్లతొట్టి పక్కన కప్ప, మందారం మీద తేనెపిట్ట, ఎవరు కనబడినా నాకు పండగే.

ఆ ఏడు నాయనమ్మ నాకంటూ ఒక పొట్లపాదు ఇచ్చింది. మా సంఘంలో వానాకాలం చివర ఒక ఆదివారం ప్రథమ ఫలాల పండుగ చేసేవారు. ఎవరింట్లో మొదట కాసింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఈసారి నా కాయను నా చేత్తో నేనే పెట్టాలని నా ఆశ. పొట్లకాయ వంకర తిరగకుండా కొసకు చిన్న రాయి కట్టడం మా వైపు అలవాటు. మొదటి పిందెకు నేనే కట్టాను. ఆ బరువుకు కాయ నిటారుగా సాగింది, దాంతోపాటు తీగ కూడా పందిరి కిందికి వంగింది. "నీ కాయ కంటే మా మేక తోక పొడుగే" అని ఏడిపించిన పక్కింటి అక్క, కాయ నా నడుం దాటేసరికి వచ్చి, పక్కన నిలబడి కొలుచుకుని వెళ్లిపోయింది.

పండుగ ముందు రోజు సాయంత్రం చాకు పట్టుకుని వెళ్లాను. తొడిమ పక్కనున్న పెద్ద ఆకు కదిలింది. రోజూ కాయనే చూసుకుంటూ ఆ ఆకును నేను గమనించనే లేదు. వంగి చూస్తే దాని అంచులు రెండూ దారంతో కుట్టినట్టున్నాయి. లోపల దూది, దూదిలో నోళ్లు తెరిచిన పిల్లలు. తోక నిక్కించుకుని పెరడంతా తిరిగే బుల్లిపిట్ట గూడు అది. సంతోషంతో గంతులేశాను. నాయనమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

ఆమె గూటిని కాదు, తీగను చూసింది. "కాయ నీది, కొయ్యడం నీ ఇష్టం. కానీ అమ్మడూ, ఈ బరువు తెగితే వంగిన తీగ ఒక్కసారిగా పైకి లేచిద్ది. ఆకు చిరిగిందా, పిల్లలు కిందే."

"తీగ పట్టుకుని మెల్లగా కోస్తే?"

"పట్టుకున్నంతసేపూ బానే ఉంటది. ఎన్నాళ్లు పట్టుకుని నించుంటావే?"

నాకు ఏడుపొచ్చింది. దేవునికిచ్చేది ఆపుకుంటే తప్పు కాదా అని అడిగాను. "పొలం కోసేటప్పుడు పేదల కోసం అంచులు వదిలెయ్యమని చెప్పిందెవరు? ఆయనేగా" అంది. చాకు మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. నేనే వెళ్లి వంటింట్లో పెట్టేశాను.

మర్నాడు అందరూ గుమ్మడికాయలూ అరటి గెలలూ మోసుకొస్తుంటే నేను ఒట్టి చేతులతో కూర్చున్నాను. ఆరాధన అయ్యాక నాయనమ్మ మా పాస్టరు అయ్యగారి దగ్గరకెళ్లి ఏదో చెప్పింది. ఆయనా, ఆయన వెనక సంఘంలో సగంమందీ మా పెరట్లోకి వచ్చేశారు. మా అయ్యగారు ప్రార్థన చేస్తే కాలువ అవతలికి వినబడేది. నాయనమ్మ చేతులు జోడించి, "అయ్యగారూ, కాస్త గొంతు తగ్గించండి, పసిపిల్లలున్నారు" అంది. ఆయన నవ్వు ఆపుకుని, ఆ వేలాడే కాయను ముట్టకుండానే, గుసగుసగా దీవించారు. అంతలో తల్లిపిట్ట పురుగుతో వచ్చి పిల్లల నోట్లో పెట్టి వెళ్లింది. పెద్దపెద్దవాళ్లు మునివేళ్ల మీద నిలబడి చూశారు. "మా గుమ్మడికాయను ఎవరూ చూళ్లేదే" అంది పక్కింటి అక్క నా చెవిలో.

పిల్లలు ఎగిరిపోయేనాటికి కాయ ముదిరి కూరకు పనికిరాలేదు. నాకు కాస్త కూడా బాధ అనిపించలేదు.

ఇప్పుడు విజయవాడలో మా మేడ మీద కుండీల్లో బీరపాదు పాకుతోంది. కోయబోయే ముందు ప్రతి ఆకూ ఎత్తి చూస్తాను. లోపల ఎవరైనా కనబడితే నాకింకా అదే గంతులేసే సంతోషం. చెయ్యి వెనక్కి తీసుకుని కూడా దేవునికి ఇవ్వవచ్చని ఆనాడు నేర్చుకున్నాను. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో తల వంచండి: ప్రభువా, మేము కోసుకునే ప్రతి చోటా నువ్వు దాచిన చిన్న ప్రాణాన్ని చూసే కళ్లు మాకివ్వు. ఆమేన్.