తొమాసా చేతికొచ్చిన చాకు

తొమాసా పిగాకి ఊళ్లో ఒక మారుపేరుంది. ఎదురుగా అనరు గానీ, వెనకాల అందరూ ఆమెని "ఏమవుతుందో తొమాసా" అనే అంటారు. ఆమె బడి వంటశాలలో పనిచేస్తుంది. పిల్లల పులుసులో ఉప్పు చూస్తుంది, దించేముందు మళ్లీ చూస్తుంది, గిన్నెల్లోకి వడ్డించాక ఎవరి మొహమైనా ముడుచుకుందేమోనని గుమ్మం చాటునుంచి చూస్తుంది. పని ముగించుకుని సందు మలుపు దాకా వచ్చాక, పొయ్యి ఆర్పానో లేదోనని వెనక్కి వెళ్తుంది. ఆమె భర్త పెద్రు కార్కు చెట్లకి బెరడు ఒలిచే పనివాడు, నోటి దురుసు. "మా ఆవిడ చచ్చి స్వర్గానికి వెళ్లినా, ఒక్క నిమిషం ఉండండి, ఇంటి గడియ పెట్టానో లేదో చూసొస్తా అని స్వర్గం తలుపు తీసే పేతురు గారిని గుమ్మంలో నిలబెడుతుంది" అని కాఫీ కొట్టులో నవ్వించేవాడు.

ఆమె తండ్రి బాకీస్‌ది దీనికి పూర్తిగా విరుద్ధమైన స్వభావం. బతుకంతా గొర్రెలతో కొండ మీదే గడిపాడు. పిడుగు పడ్డా తల తిప్పి చూసేవాడు కాదు. మోకాళ్లు మొరాయించాక మందని కొడుకు లరెంతుకి అప్పగించి, ఆఖరి చలికాలం కూతురి ఇంటికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నది ఒక ముతక కోటు, ఒక మడత చాకు. అంతే.

ఆ చాకు ఆయన పెళ్లినాడు కొనుక్కున్నది. పిడి పొట్టేలు కొమ్ముది, ఒకప్పుడు తేనెరంగులో ఉండేదట. తొమాసాకి జ్ఞానం వచ్చేసరికే నల్లబడి, బొటనవేలు ఆనేచోట గుంటపడింది. అలుగుని సానరాయి మీద నూరీ నూరీ, వెడల్పాటి ఆకులా ఉండాల్సింది కాస్తా సన్నగా కొనతేలిపోయింది. కూతురు పళ్లెం పక్కన భోజనాల చాకు పెడితే ముసలాయన వేలితో అవతలికి నెట్టేసేవాడు. రొట్టె, జున్ను, నారింజ తొక్క, చేతి గోళ్లు, అన్నీ దాంతోనే. "గోళ్లు కోసి దాంతోనే జున్ను కోస్తావేంటి నాన్నా!" అని తొమాసా గోలపెడితే, "రెంటికీ మధ్యలో ప్యాంటుకి తుడిచాను కదే" అనేవాడు.

వసంతంలో, ఉన్ని కత్తిరించే రోజులు ఇంకా రాకముందే, ఆయన మంచం పట్టాడు. ఒకనాటి మధ్యాహ్నం దిండు కింద చెయ్యిపెట్టి చాకు తీసి కూతురి అరచేతిలో ఉంచి, "దీన్ని చూసుకో" అన్నాడు. తర్వాత మంచినీళ్లు అడిగాడు. కుక్క తిన్నదా అని అడిగాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ వారంలోనే పోయాడు.

చూసుకో అంటే ఏమిటి? తొమాసాకి ఆ మాట పంటి కింద రాయిలా అయిపోయింది. బాగుచేయించుకోమనా? ఉన్నదున్నట్టు దాచుకోమనా? వాడుకోమనా?

"చూసుకో అంటే, అప్పుడప్పుడూ తీసి చూస్తూ ఉండమని" అన్నాడు పెద్రు.

"నీకన్నీ వేళాకోళమే."

"మరి అడగాల్సింది ఆయన్ని. నన్ను కాదు."

అదే ఆమె గుండెల్లో ముల్లు. అడగలేదు. అడిగితే, ఆయన పోతాడని తనకి తెలిసిపోయినట్టు ఆయనకి తెలుస్తుందని భయపడింది.

చాకుని నూనె గుడ్డలో చుట్టి చెక్క బీరువా సొరుగులో పెట్టింది. రోజూ పొద్దున్నే కాఫీ పెట్టకముందే తీసి చూసేది. ఎండాకాలంలో ఒకనాడు అలుగు మొదట్లో, సరిగ్గా అది పిడిలోకి దూరేచోట, నువ్వుగింజంత ఎర్రటి మచ్చ కనిపించింది. తుప్పు. నూనె రాసింది. మర్నాటికి మచ్చ ఇంకాస్త పెరిగిందనిపించింది. కళ్లజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది. నూనె ఎక్కువై కొమ్ము పాడవుతుందేమోనని తుడిచేసింది. తుడిస్తే తుప్పు పెరుగుతుందేమోనని మళ్లీ రాసింది. నాన్న జేబులో చెమటలో, వానలో అన్నేళ్లున్నా ఏమీ కానిది, తన సొరుగులోకొచ్చి పాడవుతోంది. వంటశాలలో గరిటె తిప్పుతున్నా ఆ ఎర్ర మచ్చే కళ్లముందు ఆడేది.

ద్రాక్ష కోతలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం లరెంతు భోజనానికి వచ్చాడు. తన మంద పాలతో చేసిన జున్ను ఒక ఉండ తెచ్చి బల్ల మీద పెట్టి, అక్క వద్దనేలోగా సొరుగు లాగి చాకు తీశాడు.

"ఒరేయ్, అది వదిలెయ్. వంటింటి చాకు ఇస్తా ఉండు."

"నాన్న కూర్చున్న బల్ల దగ్గర నాన్న చాకుతో కొయ్యకపోతే ఇంక దేనికక్కా ఇది?"

అని జున్ను మీద పెట్టి నొక్కాడు. జున్ను ఎండి గట్టిపడింది. పిడికి బిగించే సీల అరిగి వదులైన అలుగు పక్కకి తిరిగి, టక్కున మడుచుకుని లరెంతు చూపుడువేలి మీద పడింది. బల్లగుడ్డ మీద నెత్తురు చిమ్మింది. పెద్రు లేచి తువ్వాలు చుట్టాడు. తొమాసా మాత్రం, ఆ తర్వాత తల్చుకున్నప్పుడల్లా సిగ్గుపడింది గానీ, ముందు తమ్ముడి వేలు చూడలేదు. చాకు అలుగు చూసింది.

అది లరెంతు కంటపడింది.

"విరగలేదులే అక్కా. నా వేలే తెగింది" అన్నాడు. తువ్వాలు బిగించుకుంటూ మళ్లీ అన్నాడు: "మంద నాకిచ్చాడు. కొండ, చలి, కాళ్ల నొప్పులు అన్నీ నాకే ఇచ్చాడు. చాకు మాత్రం నీకిచ్చాడు. నువ్వేమో సొరుగులో పెట్టి దానికి తద్దినం పెడుతున్నావ్. పనిముట్టది. బాగుచేయించు, లేదంటే నాకిచ్చెయ్. చేయించనూ చేయించక, ఇవ్వనూ ఇవ్వక ఇలాగే ఉంచితే, ఎవరినో ఒకర్ని కోస్తుందది."

భోజనం సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు బడి వదలగానే తొమాసా చాకుని సంచీలో వేసుకుని గయినీ దగ్గరికి వెళ్లింది. చాకులు చేసేవాళ్లు ఆ ఊళ్లో వీధికొకరున్నారు. అయితే ఈ చాకు చేసినవాడు గయినీ తాత. గయినీకి డెబ్బై దాటాయి, గొంతు మాత్రం ఇంకా సమ్మెటలాగే ఉంటుంది. ఆయన చాకుని వెలుగులోకి ఎత్తి, తెరిచి, మూసి, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తెరిచాడు.

"సీల దగ్గర తుప్పు పట్టిందమ్మాయ్. పైకి కనిపించేది కొంచెమే. పిడి మొదట్లో తొడిగిన ఈ ఇత్తడి పొన్ను కింద ఎంత తిన్నదో తెలీదు."

"తీసి చూడొచ్చు కదా మామా?"

"చూడాలంటే సీల కొట్టి తియ్యాలి. ఎండిపోయిన కొమ్ము. నిలబడుతుందో పగులుతుందో ముందు చెప్పలేను."

"తియ్యకపోతే?"

"తింటూనే ఉంటుంది. ఒకరోజు అలుగు నీ చేతిలోకి ఊడొస్తుంది." ఆయన ఒక కొత్త చాకు తీసి పక్కన పెట్టాడు, అద్దంలా తళతళలాడుతోంది. "పగిల్తే పగిలింది, కొత్త కొమ్ము వేస్తా, కొత్త అలుగు దిగేస్తా. మీ నాన్న పెళ్లినాడు ఎలా ఉందో అలాగే ఇస్తా."

"మా నాన్న పెళ్లి నేను చూళ్లేదు కదా మామా" అంది తొమాసా.

గయినీ ఆమె మొహం ఒకసారి చూసి, కొత్త చాకుని తీసేశాడు. "సరే, ఇక్కడ ఉంచి వెళ్లు. రెండ్రోజులు చూస్తా. నీకు చెప్పకుండా చెయ్యి వెయ్యను."

వెయ్యను అన్నాడా? ఇంటికొచ్చేసరికి ఆమెకి ఆ మాటే అనుమానమైపోయింది. 'చెప్పకుండా' అన్నాడు గానీ, తను ముందే 'తీసి చూడొచ్చు కదా' అంది. అదే చెప్పినట్టు అనుకుంటే? మర్నాడు పిల్లలకి వడ్డిస్తూ ఒకే పిల్లకి రెండుసార్లు పులుసు పోసింది. మధ్యాహ్నం గయినీకి ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. పని అవగానే పరుగులాంటి నడకతో దుకాణానికి వెళ్లింది. తలుపు మూసి ఉంది. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తే పనిబల్ల మీద ఒక సమ్మెట, ఒక పొడుగాటి మేకు, నల్లటి కొమ్ముముక్క ఒకటి కనిపించాయి.

మేడ మీది కిటికీలోంచి గయినీ భార్య తల బయటపెట్టింది.

"ఏంటి తొమాసా, అద్దానికి ముద్దులు పెడుతున్నావ్?"

"మామ ఏడి?"

"ద్రాక్ష తోటకి వెళ్లాడు. ఏం, ఇల్లు గానీ తగలబడిందా?"

తొమాసా అప్పటికే ఊరవతలి బాట పట్టింది. నల్లటి కొమ్ము. నాన్నదీ నల్లటిదే. కొమ్ములన్నీ ఒకేలా ఉంటాయి, అది వేరేదై ఉంటుంది. కాకపోతే? తమ్ముడికి ఏం చెప్పాలి? చేయించనూ లేదు, ఇవ్వనూ లేదు, పగలగొట్టించాను అనా?

తోటలో రాతిగోడ నీడలో గయినీ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కాగితం మీద సాసేజి, రొట్టె. చేతిలో నాన్న చాకు. దాంతో నింపాదిగా సాసేజి కోసుకుని తింటున్నాడు.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది.

"మామా! నీకు చూడమనిచ్చానా, తినమనిచ్చానా?"

"తినకుండా ఎలా చూడ్డం?" గయినీ నోట్లో ముక్క నములుతూనే అన్నాడు. "కూర్చో. ఊపిరి పీల్చుకో. మెత్తటిదాన్ని బాగానే కోస్తోంది. గట్టిదాని మీద ఎడమకి పోతోంది. అలుగు తప్పు కాదది, సీల తప్పే. అలుగు ఇంకా నువ్వు వాడుకునేంత మిగిలే ఉంది."

"బల్ల మీది ఆ నల్ల కొమ్ము?"

"ఆ గేదెకొమ్ము ముక్కా? దువ్వెన చేద్దామని కొన్నా, మా ఆవిడకి." నవ్వి, రొట్టె విరిచి ఆమెకిచ్చాడు. "చూడమ్మాయ్. ఇంకొకడైతే వారం ఉంచేసుకుని, పగిలింది పోనీ అని చెప్పి కొత్త పిడి వేసి ఇచ్చేస్తాడు. నాకది చేతకాదు. తీస్తే నీ ఎదురుగానే తీస్తా. వద్దంటే ఇప్పుడే తీసుకుపో."

తొమాసా రొట్టె నమల్లేక చేతిలోనే పట్టుకుంది. తుడిచిన ఎర్ర మచ్చ, తమ్ముడి వేలు, బల్లగుడ్డ మీద ఎంత ఉతికినా పోని నెత్తురు మరక, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇంటికి తీసుకుపోతే రేపు పొద్దున మళ్లీ సొరుగు, మళ్లీ నూనె గుడ్డ. ఆ తలపు కంటే సమ్మెట దెబ్బే నయమనిపించింది.

"సీల ఒక్కటే. అలుగు మార్చొద్దు. పిడి నునుపు చెయ్యొద్దు. ఆ గుంట అలాగే ఉండాలి" అంది. "ఇప్పుడే పద మామా. రేపటికైతే నేను వద్దంటాను."

దుకాణంలో గయినీ చాకుని సీసపు దిమ్మ మీద ఆనించి, సీల మీద సన్నటి మేకు నిలబెట్టాడు. ఒక దెబ్బ. కదల్లేదు. రెండోది. తొమాసా తన శాలువా చెంగుని నోట్లో కుక్కుకుంది. మూడో దెబ్బకి సీల జారింది, దాంతోపాటే ఎండుకొమ్మ విరిగినంత చిన్న చప్పుడు.

గయినీ సమ్మెట దించాడు. పిడిని ఆమె వైపు తిప్పాడు. పొన్ను దగ్గర నుంచి బొటనవేలి గుంట దాకా వెంట్రుకంత గీత.

ఎండాకాలమంతా ఆమె భయపడింది దీనికే. అది జరిగిపోయింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. "క్షమించమ్మా" అన్నాడు ముసలాయన.

"నువ్వు చెప్పే చేశావు కదా మామా" అంది తొమాసా. తర్వాత బయటికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

లరెంతు పాలు పితకడం ఆపి, వేలికి కట్టుతోనే, బురద బూట్లతోనే వచ్చాడు. పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తొమాసా అతని మొహం వంక చూడకుండా నేల చూసింది.

"దీనికా అంత కంగారుగా ఫోన్ చేశావ్?" అన్నాడు. "అక్కా, నువ్వు దీన్ని భోజనాల బల్ల దగ్గరే చూశావ్. కొండ మీద నేను చూశాను. నాన్న దీని వెనక వైపుతో కంచె మేకులు దిగ్గొట్టేవాడు. ఒకసారి గొర్రెపిల్ల రాళ్లసందులో ఇరుక్కుంటే దీన్ని గునపంలా వాడాడు. ఇన్నాళ్లూ పగలకుండా ఉండటమే విడ్డూరం."

"నిజంగానా?"

"ఒట్టు. నీకు చెబితే తిడతావని చెప్పుండడు."

లోపల చూస్తే తుప్పు సీలనే తిన్నది గానీ అలుగు జోలికి పోలేదు. గయినీ తుప్పు గీకి, కొత్త ఉక్కు సీల దిగేశాడు. పగులు ఇంకా సాగకుండా జిగురు నింపి, పొన్ను పక్కన ఇంకొక సన్నటి ఇత్తడి పొన్ను తొడిగాడు. జిగురు ఆరేదాకా లరెంతు పిడిని పిడికిట్లో బిగించి పట్టుకుని, గయినీ పోసిన వైను రెండో చేత్తో తాగాడు. పాత అలుగు పాతలాగే సన్నగా ఉంది. పక్కకి పోవడం లేదు.

బయటికొచ్చాక తొమాసా చాకుని అరచేతిలో పెట్టుకుని తమ్ముడి ముందుకి చాచింది. "నువ్వు తీసుకోరా. కొండ మీదదే కదా."

లరెంతు చాలాసేపు చూశాడు. కావాలని మొహంలోనే ఉంది. చివరికి ఆమె వేళ్లు మడిచి చాకు మీద మూశాడు.

"నీకిచ్చాడు. నాకెందుకివ్వలేదని కోపమే, పోలేదింకా. కానీ నీకే ఇచ్చాడు. ఆదివారాలు వస్తా, నువ్వే కోసి పెట్టు. నేను మాత్రం దాన్ని ముట్టను బాబూ." కట్టు కట్టిన వేలు చూపించి నవ్వి, మందకి టైమవుతోందని వెళ్లిపోయాడు.

చాకు మళ్లీ సొరుగులోకి వెళ్లలేదు. తొమాసా దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుని తిరుగుతోంది. దాంతోనే రొట్టె కోస్తుంది, కూరగాయల కాడలు తుంచుతుంది. ఆమె మారిపోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. ఇప్పుడు జేబుకి చిల్లు పడుతుందేమోనని బెంగ. జేబు లోపల ఇంకో గుడ్డ వేసి కుట్టింది, దాని మీద మరోటి.

"ఇంకొక పొర వేస్తే ఆ జేబులో చాకు పట్టదు" అంటాడు పెద్రు.

"పట్టకపోతే పెద్ద జేబు కుడతాను. నీకేం పోయింది, రొట్టె ఇలా ఇయ్యి" అంటుంది ఆమె, చాకు తెరుస్తూ.