నా సలహా విన్న మనిషి

మూతపడ్డ యువజన చానల్‌ను మళ్ళీ నిలబెడతారట. అందుకు సలహాలు పంపమని పొద్దున ఫోన్‌లో ప్రభుత్వ టీవీ వాళ్ళ ప్రకటన కనబడింది. ఒళ్ళు మండిపోయింది. నా సలహా వాళ్ళు ఎప్పుడో తీసుకుపోయారు!

సూరత్‌లో, ఖటోదరా పేటలో, నా చిన్నప్పుడు మరమగ్గాల షెడ్డు పక్క గది మాది. ఆ మోతకు మా బాపు చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేవాడు. టీవీ చూడటమూ అలాగే. నాన్నలందరూ కళ్ళతోనే వింటారనుకునేదాన్ని. ఆ చానల్లో కుర్రకారు గంతులేస్తూ అటు తిరిగి మాట్లాడితే, బాపును కావాలనే ఏడిపిస్తున్నారని నాకు కోపం వచ్చేది.

ఒకరోజు ఆ చానల్ వాళ్ళే కెమెరాతో మా బడికొచ్చారు. "బోలో బేటా, చానల్ మే క్యా చాహియే?" అని, చానల్లో ఏం కావాలో చెప్పమని అడిగారు. ఇటు తిరిగి మెల్లగా మాట్లాడమనండి, మా బాపుకు అర్థం కావాలి అని హిందీలోనే గట్టిగా చెప్పాను. పడీ పడీ నవ్వారు.

ఆదివారం టీవీలో మాట్లాడుతున్న నా మొహం వచ్చింది. మాట మాత్రం రాలేదు. దాన్ని తీసేసి ఏదో పాట వేశారు.

"మంచిగ కొడుతున్నవే" అని తెరమీద నా అందం చూసి అమ్మ మురిసిపోయింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

బాపు నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "ఎందుకేడుస్తవ్ బిడ్డా? ఇటు తిరిగి జర నిమ్మళంగ మాట్లాడమన్నవ్ గదా. నేను విన్న."

ఇప్పుడు వాళ్ళకు కొత్త సలహాలు కావాలట. పాతది విన్నవాడు ఒక్కడే, చెవులు లేని మా బాపు.