ఇస్సాకు వాయించని ఢోలక్

విప్పని మిషన్‌కు సంతకం పెట్టమన్నందుకు సూపర్‌వైజరుతో ఆరు నెలలు మాటలు మానేసిన మనిషి ఇస్సాకు. మాదాపూర్‌లోని ఒక ఆఫీసు భవనంలో పంతొమ్మిదేళ్ళుగా ఏసీ మెకానిక్. అక్కడ ప్రతి మిషన్‌కూ ఒక కార్డు వేలాడుతుంది. ఎవరు బాగుచేస్తే వాళ్ళే దాని మీద సంతకం చెయ్యాలి. మెకానిక్ పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఢోలకూ అంతే. చూసి, చెడగొట్టి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు.

ఈసారి క్రిస్మస్‌కు గోపన్‌పల్లిలోని వాళ్ళ చర్చి యువకులు సొంతంగా ఒక పాట విడుదల చేద్దామనుకున్నారు. రాసింది, పాడింది, రికార్డు చేసింది స్టీఫెన్. భీమవరం నుంచి వచ్చి నల్లగండ్లలో కిరాయికుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం పడకగది గోడలకు దుప్పట్లు కట్టి, ఇస్సాకు చేత పాట మొత్తానికీ ఢోలక్ వాయించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

డిసెంబరు మొదటి వారంలో పాట యూట్యూబ్‌లోకి వచ్చింది. నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. కింద ‘ఢోలక్: ఇస్సాకు’ అని ఉంది. అతని భార్య హన్నా నర్సు. డ్యూటీలో ఉండగానే వార్డులో అందరికీ పంపేసింది.

ఇస్సాకు టీ తాగుతూ విన్నాడు. పల్లవి బాగుంది. చరణంలోనూ పల్లవి దరువే వచ్చింది. రెండో చరణంలోనూ అదే. పల్లవిలో వాయించిన ముక్కను కత్తిరించి, కంప్యూటర్‌లో చదును చేసి, పాటంతా అతికించారని అతనికి అర్థమైంది. టీ చల్లారిపోయింది.

మూడో చరణంలో మరియమ్మను, యోసేపును సత్రం వాకిట్లోంచే పంపేస్తారు. రికార్డింగులో అక్కడ ఇస్సాకు కుడిచెయ్యి ఎత్తేసి, ఎడమ మణికట్టుతో తోలును నొక్కి మూలుగులాంటి మోత ఒక్కటి తీశాడు. ఆ ఒక్క మోత కోసం వారం రోజులు సాధన చేశాడు. విడుదలైన పాటలో అక్కడ చిందులు వేయించే దరువు మోగుతోంది.

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా నల్లగండ్ల వెళ్ళాడు. స్టీఫెన్ కాఫీ ఇచ్చాడు. ఇస్సాకు ముట్టుకోలేదు.

"తలుపు మూసిన కాడ పెండ్లి బరాత్ దరువేంది బిడ్డా?"

"వేగం అక్కడక్కడా మారుతోందని సరిచేశానంతే, అంకుల్. ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారండి. అయినా అది మీ చెయ్యే కదండీ."

"చెయ్యి నాదే. కొట్టింది నేను గాదు."

తను వాయించింది పెట్టమన్నాడు. మిగతాదంతా కంప్యూటర్‌లోంచి తీసేశానని స్టీఫెన్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. మళ్ళీ వాయించి, మళ్ళీ పెట్టేసరికి పండగ దాటిపోతుందట.

"అయితే నా పేరు తీసెయ్."

స్టీఫెన్ బతిమాలాడు. చర్చి పెద్దలు ఏమనుకుంటారన్నాడు. ఇస్సాకు కదల్లేదు, పేరు తీసేదాకా కుర్చీలోనే కూర్చున్నాడు.

ఇంట్లో హన్నా ఊరుకోలేదు. "ఒక్కసారి మన పేరొచ్చింది. జర ఓర్చుకుంటే నీ సొమ్మేం పోతుండె?" అంది. వార్డులో ఏం చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇస్సాకుకు ఆ బాధ తెలుసు. అయినా కోపం దిగలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చేతిని ‘సరిచేశాను’ అనడానికి ఈ పిల్లవాడికి నోరెలా వచ్చిందని పళ్ళెం ముందు కూర్చునీ గొణిగాడు. ఆదివారం చర్చిలో, ఢోలక్ అదిరిందన్న ప్రతివాడికీ అది నేను కాదని చెప్పాడు.

ఇరవై రెండున, ఇంకా చీకటి పడకముందే, క్యారల్స్‌కు బయలుదేరారు. మొదటి ఇంటి ముందు పిల్లలు ఆ కొత్త పాటే అందుకున్నారు. ఢోలక్ ఇస్సాకు మెడలో ఉంది. రెండు చరణాలు ఊపుగా సాగాయి. మూడోది మొదలవగానే అతను కుడిచెయ్యి ఎత్తేశాడు. యూట్యూబ్‌లో విని విని అలవాటైన వాళ్ళు చప్పట్లు ఆపలేదు. ఇస్సాకు రెండు అరచేతులూ తోలు మీద పరిచి, ఎదురుగా పాడుతున్న స్టీఫెన్ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. పాట తడబడింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. చివరిది కూడా ఆగాక, చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకొమ్మన్నాడు.