మరియమ్మత్త రాయించిన పొగ

మా ఊళ్లో కందులు కొనే కందిపొడి కంపెనీ ఉద్యోగి ఈ రోజు ఫారాలతో వచ్చాడు. కంపెనీ కర్బన ఉద్గారాలు తగ్గిస్తుందట, ప్రతి రైతూ ఏం తగ్గిస్తాడో రాయాలట. మా పక్కింటి మరియమ్మత్తకు మోటారు లేదు, ట్రాక్టరు లేదు. ఎరువంటే చేలో కట్టించే గొర్రెల మందే. తగ్గించడానికేమీ లేదని ఫారంలో గడి ఖాళీగా వదిలితే ఆఫీసులో ఊరుకోరని ఆయన తల పట్టుకున్నాడు. అత్తకు జాలేసింది.

"ఎండన పడి వచ్చినావు నాయనా. పొయ్యి మళ్లా ముట్టించి టీ పెడతా, ఆ పొగ రాసుకో."

"మరి తగ్గించాలి కదమ్మా?"

"రేపు నువ్వు రావు గదా, అదే తగ్గుతాదిలే!"

ఆయన నవ్వి, నిజంగానే రాసుకున్నాడు. నేనూ ఒక గ్లాసు తాగాను కాబట్టి ఆ పొగలో సగం నాదే. ఆ కందిపొడి మీ వంటింట్లోనూ ఉంటే, మీ గడిలో ఏం రాస్తారో చెప్పండి.