సింహం గర్జిస్తే నిద్రపోయినవాళ్లం

మాది కిషన్‌బాగ్. జూపార్కు గోడ మా ఇంటికి పెద్ద దూరమేం కాదు. తెల్లవారుజామున సింహాలు గర్జిస్తే మా ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. మేం మాత్రం దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటాం. మా అత్తమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్న చప్పుడది. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆమె జూకి ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. అయినా ఒకటే మాట.

"బోనుల ఉన్నదాన్ని సూసుడు గూడ సూసుడేనా? దానికి ఇష్టమొచ్చిన దిక్కు అది పోతుంటే సూడాలె."

ఆ ముచ్చట తీర్చాలనే పోయినేడాది అత్తమ్మను తీసుకుని నేనూ మా ఆయనా కెన్యాలోని మసాయి మారాకు వెళ్లాం.

ఏనుగులు గుంపులు గుంపులుగా కనిపించాయి. జిరాఫీలు, జీబ్రాలు సరేసరి. సింహం జాడ మాత్రం లేదు. అత్తమ్మ రోజంతా జీపు పైకప్పులోంచి తల బయటపెట్టి, జుట్టంతా దుమ్ము కొట్టుకుపోయి, సాయంత్రం డ్రైవరును నిలదీసేది. "భాయ్, షేర్ కిధర్?" పాపం అతనికి ఆ ముక్క మొదటిరోజే అర్థమైపోయింది. రేపు చూద్దామని సైగ చేసేవాడు.

చివరిరోజు తెల్లవారుజామున గర్జన వినిపించింది. మా టెంటు పక్కనే. నాకు మెలకువ కూడా వచ్చింది. పాలప్యాకెట్లవాడు రావడానికి ఇంకా టైముందిలే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. పక్క మంచం మీద అత్తమ్మ నిద్రలోనే గొణిగింది. "ఆకలైతున్నట్టుంది దానికి. ఊకుంటది తియ్." మా ఆయన గురక ఆగనే లేదు.

టీ తాగుదామని బయటికెళ్తే క్యాంపంతా అదే లొల్లి. రెండు సింహాలు టెంట్ల మధ్యలోంచే నడిచి వెళ్లాయట. అందరూ కిటికీ జాలీల్లోంచి చూశారట, మేం తప్ప. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక మా ఆయన మీద పడ్డాను. అత్తమ్మ టీ ముట్టనే లేదు. ఇంత దూరం తీసుకొచ్చి ఆమెకు ఆ ఒక్కటీ చూపించలేకపోయానని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సామాను ఎక్కించి తిరుగుదారి పట్టాం. పార్కు గేటు ఇంకా కొంత దూరం ఉందనగా డ్రైవరు బండి ఆపేశాడు. దారికి అడ్డంగా ఆడ సింహం పడుకుని ఉంది. మా ఆయన విమానం టైము గుర్తొచ్చి గడియారం చూసుకున్నాడు.

"తొందరేంది కొడకా? అదే లేస్తది, జెర ఆగు," అంది అత్తమ్మ.

చాలాసేపటికి అది లేచింది. ఒళ్లు విరుచుకుంది. తోచిన దిక్కుకు, గడ్డిలోకి నడుచుకుంటూ పోయింది. గడ్డి కదలడం ఆగిపోయినా అత్తమ్మ అటే చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏమైంది అత్తమ్మా?" అన్నాను కంగారుగా.

"మన దిక్కు సూడనన్న సూడలే బిడ్డా," అంది, ముఖమంతా నవ్వుతో. "దానికి మనతోని పనే లేదు."