పూజగదిలో దాచిన విత్తనాల కవర్లు

మా మాజీ ఎమ్మెల్యే గారు పోయారని నాకు మొదట చెప్పింది పాలు పోసే సుబ్బులు. "దేవుడిలాంటి మనిషండీ," అంది గిన్నెలోకి పాలు వంచుతూ. తలూపాను. ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఆ మాటతో గుండెల్లో కదిలింది. ఇక మొయ్యలేను. మీకు చెబుతాను.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. మేలు చేసినవాళ్లను మరవకూడదని కూడా ఆయనే నేర్పారు. పత్తి చేలో మా ఆయన్ని పాము కరిచినప్పుడు, ప్రచారానికి వచ్చిన ఎమ్మెల్యే గారు జీపులోంచి తన మనుషుల్ని దించేసి, మా ఆయన్ని ఎక్కించుకుని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లారు. మా ఆయన బతికారు. అప్పటినుంచి నా దీపంలో ఒక వత్తి ఆయన పేరున వెలిగేది.

ఆయన రెండుసార్లు గెలిచారు, తర్వాత ఓడిపోయారు. ఆపైన రాజకీయాలు మానుకుని ఒక మిరప విత్తనాల కంపెనీకి సీఈఓ అయ్యారు. చేతులు జోడించి ఓట్లడిగిన ఫొటోనే కవర్ల మీద వేశారు. ఆ ఫొటో చూసి మా ఊరంతా అవే విత్తనాలు కొంది. ఆయన కంపెనీయే కదా అని ఎవరూ బిల్లు కూడా అడగలేదు.

అంకమ్మ కూడా కొంది. భర్త లేని మనిషి, రెండెకరాలు కౌలుకు చేసేది. ఏటా నారు పోసే ముందు విత్తనాలు మా పూజగదిలో పెట్టి, పసుపూ కుంకుమా పెట్టించుకుని తీసుకెళ్లేది. ఖాళీ కవర్లు మళ్లీ తెచ్చి దేవుడి దగ్గరే ఉంచేది, పంట ఇంటికి వచ్చేదాకా.

ఆ ఏడు చెట్లు ఏపుగా పెరిగాయి. కాయ పడలేదు. ఊరు గోల పెడితే విచారణకు ఆఫీసర్లు వస్తున్నారన్నారు. నష్టపరిహారం రావాలంటే బిల్లయినా, నంబరున్న కవరయినా చూపించాలట. అందరూ కవర్లు చేలోనే పారేశారు. మిగిలినవి అంకమ్మవే. నాలుగు.

ఆఫీసర్లు వచ్చిన పొద్దున దీపం పెట్టి ఆ కవర్ల వంక చూశాను. కుంకుమ బొట్టుతో ఆయన నవ్వుతున్నారు. ఇవి బయటికెళితే ఆయన పరువేం కాను? తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో పెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు. ఆయన కబురు పెట్టలేదు. ఈ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు.

కాసేపటికి అంకమ్మ పరుగున వచ్చింది.

"వదినా, నా కవర్లు ఇటియ్యి. ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు."

"మొన్న నువ్వే పట్టుకెళ్లావుగా అంకమ్మా."

"నేనా? ఎప్పుడు?"

"సోమవారం. కొంగున ముడేసుకుని మరీ వెళ్లావు."

ఆమె కొంగు తడుముకుంది. "ఛ, నా బుర్ర కూడా ఆ చేనులాగే తయారైంది వదినా. ఆకే గానీ కాయ లేదు!" అని నవ్వింది. "రోజూ దీపం పెట్టేదానివి, నీకు అబద్ధమాడే పనేంటి? నేనే ఎక్కడో పెట్టుంటాను."

వెళ్లి తన ఇల్లంతా వెతుక్కుంది. కట్టెల మోపులు కూడా విప్పి చూసింది. పంచాయతీ ఆఫీసు ముందు ఎవరో, "ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మింగేశావు కదే!" అని అరిచారు. ఏ కంపెనీ విత్తనమో తేలలేదని రాసుకుని ఆఫీసర్లు వెళ్లిపోయారు. పరిహారం ఎవరికీ రాలేదు. మరుసటేడు అంకమ్మకు కౌలు కూడా దక్కలేదు. ఇతరుల చేలల్లో కాయలు కోసే కూలికి వెళ్లింది.

అంతటితో పోయినా బాగుండేది. ఊళ్లో ఆమెకు మతిమరుపు అంకమ్మ అనే పేరు పడింది. ఆమె కూడా నమ్మింది. తాళం వేశానో లేదోనని సగం దారినుంచి వెనక్కి వచ్చి చూసుకునేది. మా గుమ్మం ముందునుంచే. ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారి పిలిచి చెప్పలేకపోయానా?

కృతజ్ఞత అనుకున్నాను. నిజంగా కృతజ్ఞతేనా? ఆయన దగ్గరికే వెళ్లి, మీ విత్తనం మా ఊరిని ముంచిందండీ, అని చెప్పి ఉంటే ఆయనే ఏదైనా చేసేవారేమో. తన మనుషుల్ని రోడ్డు మీద దించేసి మా ఆయన్ని ఎక్కించుకున్న మనిషి గురించి, నిజాన్ని తట్టుకోలేడని నేనెలా అనుకున్నాను? ఆ అవకాశం ఆయనకూ ఇవ్వలేదు. నా మనసులోని బొమ్మ చెదరకూడదని ఒక మనిషికి తన బుద్ధి మీదే నమ్మకం లేకుండా చేశాను.

అంకమ్మ కిందటేడు వినుకొండలో, కూతురి దగ్గర పోయింది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. దేవుణ్ణి అడగడానికి నోరు రావడం లేదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

నా కోసం ఏమీ అడగను. అంకమ్మను గుర్తుపెట్టుకోండి. ఆమె ఏదీ మరిచిపోలేదు. ఏదీ పారేసుకోలేదు.