చీటీ లేని తలుపు

మా నాన్నది తెనాలిలో ఇనుప సామాన్ల కొట్టు. కొట్లోనే పెరిగినవాణ్ణి కాబట్టి, చెప్పిన రేటులో సగం నుంచి బేరం మొదలుపెట్టడం నాకు నడకకంటే ముందే వచ్చింది. తెనాలిలో బాపట్ల రేటు చెప్పేవాణ్ణి, బాపట్లలో రేపల్లె రేటు. అసలు రేటు నాకు ఏ ఊళ్ళోదీ తెలియదు. తెలియదన్న సంగతి కొట్లవాళ్ళకి తెలియదు.

ఈ పప్పులు ఇక ఉడకకుండా మూడు ఊళ్ళ తలుపుల కొట్లవాళ్ళూ కూడబలుక్కున్నారు. వచ్చే నెల నుంచి ప్రతి తలుపు మీదా కొలత, సరుకు, రేటు రాసిన చీటీ అంటించాలి. చీటీ ఉంటే ఏ ఊళ్ళో కొన్నది ఏ ఊళ్ళోనైనా మార్చుకోవచ్చు. బేరం మాత్రం లేదు. నా మటుకు నాకు అది చావు కబురు.

సరిగ్గా అప్పుడే రేపల్లెలో అక్క కొత్త ఇంటి స్నానాలగదికి తలుపు కావలసి వచ్చింది. ఆదివారం గృహప్రతిష్ఠ; పాస్టరు గారు, సంఘ పెద్దలు భోజనాలకి వస్తారు.

"చీటీ ఉన్నదే తీసుకురారా. నీ తెలివితేటలు ఈ ఒక్కసారికి ఇంట్లో పెట్టి వెళ్ళు," అంది అక్క.

సరేనన్నాను. అని, రూలు వచ్చే ముందురోజే బాపట్ల వెళ్ళాను. అక్కడ కొట్టాయన పాత తలుపులు వదిలించుకునే తొందరలో ఉన్నాడు. సగానికి అడిగితే వెంటనే ఇచ్చేశాడు. అక్కడే ఆగి ఆలోచించవలసింది. నేను మడతబందులు కూడా కొసరు వేయించుకుని, తలుపుని ఆటో మీదికి ఎక్కించాను.

శనివారం వడ్రంగి బిగించాక చూస్తే, తలుపు గుమ్మానికి రెండు వేళ్ళ వెడల్పు తక్కువ. గడియ గాలిలో ఆగిపోతోంది. మూడు ఊళ్ళకీ ఫోన్లు చేశాను. అందరూ ఒకటే అడిగారు, చీటీ ఉందా అని. బాపట్ల ఆయనైతే మరీ మర్యాదగా, రూలు రూలేనండి, మీ నాన్నగారూ ఇదే అనేవారు అన్నాడు.

అక్క తిట్టలేదు. స్నానాలగది ముందు స్టూలు వేసి, నా వంక చూసింది.

ఆదివారం ప్రార్థన అవగానే మొదట వచ్చింది పాస్టరు గారే. ఆయన లోపలికి వెళ్ళగానే నేను పిడి పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాను.

"గడియ పడట్లేదండీ," అన్నారు లోపలినుంచి.

"పడిందండి. బయట నేనే ఉన్నాను."

లోపల నీళ్ళ చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా, "తలుపు ఎంతకి తెచ్చారేంటి?" అని అడిగారు.

చెప్పాను.

"ఇంకాస్త గట్టిగా అడిగుంటే తగ్గేవాడండి."

వెనకాల అక్క వింటోంది. నేను పిడి వదలకుండా తలూపాను.